పేరు పిలవని ఆటగాళ్లు

హాకీ అంటే మనకు తెలుసు. చేతిలో వంకర కర్ర, నేల మీద బంతి. చిత్తూరు జిల్లా అమ్మాయి రజని మన దేశం జట్టుకు గోల్ కీపర్‌గా ఆడింది కూడా.

కెనడా, అమెరికా దేశాల్లో ఇంకొక హాకీ ఉంది. దాన్ని మంచు గడ్డ మీద ఆడతారు. కెనడాలో చలికాలం వస్తే చెరువులు గట్టిగా గడ్డకట్టుకుపోతాయి. మనుషులు వాటి మీద నడిచిపోవచ్చు. కొంతమంది ఇంటి పెరట్లోనే నీళ్లు పోసి ఉంచుతారు. తెల్లారేసరికి అది గాజులా గడ్డకడుతుంది. ఇక పిల్లలకు ఆటే ఆట. బూట్ల కింద కత్తిలాంటి ఉక్కు బద్ద ఉంటుంది. దాని మీద జారుతూ పరిగెత్తుతారు. బంతి ఉండదు. నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది. ఈ ఆటలో ఎదుటివాణ్ణి భుజంతో గుద్ది పక్కకు నెట్టవచ్చు. అది తప్పు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

ఈ ఆటకు పెద్ద పోటీల సంఘం ఒకటి ఉంది. నేషనల్ హాకీ లీగ్ అంటారు. అందులో 32 జట్లు ఉన్నాయి. ఆడేవాళ్లకు పెద్ద జీతాలు ఇస్తారు. మరి కొత్త కుర్రవాళ్లను జట్లలోకి ఎలా తీసుకుంటారు? దానికి ఏటా ఒక ఎంపిక జరుగుతుంది. పేరు డ్రాఫ్టు. 1963లో మొదలయింది. ఆ ఏడు 21 మందిని మాత్రమే తీసుకున్నారు. ఇప్పుడు 224 మందిని తీసుకుంటారు.

ఇది వేలంపాట కాదు. ఎవరూ ధర పెంచరు. వంతులు ఉంటాయి. ఒక్కొక్క జట్టుకు 7 వంతులు. వంతు వచ్చినప్పుడు ఒక కుర్రవాడి పేరు చెప్పాలి. పోయిన ఏడు బాగా ఓడిపోయిన జట్లకు ముందు వంతులు ఇస్తారు. వాటిలో ఎవరికి మొదటి వంతు అన్నది చీటీలు తీసినట్టు తేలుస్తారు. డబ్బున్న జట్టే మంచివాళ్లందరినీ ఎత్తుకుపోకుండా ఈ ఏర్పాటు. ఇంతవరకూ న్యాయంగానే ఉంది.

అయితే ఆ కుర్రవాళ్ల వయసు చూడండి. ఎక్కువమందికి 18 ఏళ్లు. పేరు పిలిస్తే పిల్లవాడు లేచి తల్లిని కావలించుకుంటాడు, వేదిక ఎక్కి జట్టు చొక్కా తొడుక్కుంటాడు. పిలవకపోతే? మొత్తం 7 వంతులూ అయిపోతాయి. ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

మార్టిన్ సెయింట్ లూయీ అనే కుర్రవాడికి ఇదే జరిగింది. అతను 1975లో కెనడాలోని లావాల్ ఊళ్లో పుట్టాడు. ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచి. అతని ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. మన ఊళ్లో అయితే ఆ ఎత్తు తక్కువ అని ఎవరూ అనరు. అక్కడ మాత్రం పొట్టివాడన్నారు. భుజంతో గుద్దుకునే ఆట కదా! ఆరడుగుల పైన ఉన్నవాళ్లు గుద్దితే వీడు నిలబడతాడా అనుకున్నారు. కాలేజీలో చదువుతూ అతను గోల్స్ మీద గోల్స్ చేశాడు. అయినా ఏ ఏడూ ఏ జట్టూ అతని పేరు పిలవలేదు.

పేరు పిలవనివాళ్లకు దారి పూర్తిగా మూసుకుపోదు. ఏ జట్టు అయినా పిలిచి పని ఇవ్వవచ్చు. కాని పిలవాలి కదా. మార్టిన్ చదువు అయ్యాక చిన్న జట్లలో ఆడాడు. 1998లో కాల్గరీ జట్టు అతన్ని తీసుకుంది. రెండేళ్లలో 69 మ్యాచులు ఆడాడు, 4 గోల్స్ మాత్రమే చేశాడు. 2000లో లీగులోకి రెండు కొత్త జట్లు వచ్చాయి. మాకు అక్కరలేదు, కావాలంటే మీరు తీసుకోండి అన్నట్టు కాల్గరీ అతన్ని వదిలిపెట్టింది. ఆ కొత్త జట్లూ తీసుకోలేదు. అప్పటికి అతనికి 25 ఏళ్లు. చివరికి అమెరికాలోని టాంపా జట్టు పిలిచింది. అప్పట్లో అది ఎప్పుడూ ఓడిపోయే జట్టు.

నాలుగేళ్లు గడిచాయి. 2004లో లీగు మొత్తం మీద ఉత్తమ ఆటగాడు మార్టినే. ఆ ఏడు స్టాన్లీ కప్ కోసం చివరి పోటీ ఎవరితో అనుకున్నారు? కాల్గరీతో. ఏడు మ్యాచుల్లో నాలుగు గెలవాలి. కాల్గరీ అప్పటికే మూడు గెలిచింది. ఆరో మ్యాచ్ కాల్గరీలోనే జరిగింది. ఆట సమానం అయింది. అదనపు సమయం ఇచ్చారు. అదీ అయిపోయి ఇంకోసారి ఇచ్చారు. అప్పుడు గోల్ చేసింది మార్టిన్. ఏడో మ్యాచ్ కూడా టాంపా గెలిచి కప్పు తీసుకుంది.

ఎంపిక చేసేవాళ్లకు కళ్లు లేవా? ఉన్నాయి. వాళ్లు ఊరూరా తిరిగి ఆటలు చూస్తారు. కాని కంటికి ముందు కనపడేది ఒళ్లు. పట్టుదల కొలతకు దొరకదు.

ఇంకొక సంగతి ఉంది. కెనడాలో పిల్లలను పుట్టిన సంవత్సరం బట్టి జట్లు చేస్తారు. జనవరిలో పుట్టినవాడు, డిసెంబరులో పుట్టినవాడు ఒకే జట్టు. ఇద్దరికీ మధ్య దాదాపు ఏడాది తేడా. పదేళ్ల పిల్లల్లో ఏడాది అంటే ఎంత తేడానో పిల్లల్ని పెంచిన తల్లికి ఒకరు చెప్పాలా? పెద్దవాడు కాస్త బలంగా ఉంటాడు. వాడికే మంచి శిక్షణ, ఎక్కువ ఆట దొరుకుతాయి. 1980లలో ఒక ఇల్లాలు భర్తతో కలిసి హాకీ చూడటానికి వెళ్లింది. చేతిలో ఆటగాళ్ల వివరాల పుస్తకం ఉంది. ఎక్కువమంది సంవత్సరం మొదటి నెలల్లోనే పుట్టారేమిటి అని ఆమెకు తట్టింది. ఆమె భర్త రోజర్ బార్న్‌స్లీ మనస్తత్వ శాస్త్రం చదివినవాడు. లెక్కలు తీసి చూస్తే ఆమె చెప్పింది నిజమే. 2013లో ఇంకొక పరిశోధన వచ్చింది. సంవత్సరం చివర్లో పుట్టినవాళ్లను డ్రాఫ్టులో వెనక వంతుల్లో తీసుకుంటున్నారు, కాని తీసుకున్నాక వాళ్లు అనుకున్నదానికన్నా బాగా ఆడుతున్నారు అని తేలింది.

పేరు పిలవనివాళ్లంతా మార్టిన్‌లా అవుతారని కాదు. ఎక్కువమంది లీగు దాకా రారు. పేరు పిలిచినవాళ్లలో కూడా ఒక్క మ్యాచ్ ఆడనివాళ్లు చాలామంది ఉన్నారు.

2014లో మార్టిన్ న్యూయార్క్ జట్టులో ఉన్నప్పుడు అతని తల్లి చనిపోయింది. పోటీలు జరుగుతున్నాయి. మర్నాడే వెళ్లి ఆడాడు. రెండు రోజుల తర్వాత అక్కడ తల్లుల పండుగ రోజు. ఆ రోజు మ్యాచ్‌లో మొదటి గోల్ అతనిదే. 2015లో ఆట మానేశాడు. 2022లో మాంట్రియల్ జట్టుకు శిక్షకుడయ్యాడు.

ఆ ఏడు డ్రాఫ్టుకు లేన్ హట్సన్ అనే కుర్రవాడు వచ్చాడు. అతనూ పొట్టివాడే. జట్లవాళ్లకు చూపించడానికి డాక్టరు దగ్గర ఉత్తరం తెచ్చుకున్నాడు. ఎముకలు ఇంకా పెరుగుతాయి, ఎత్తు పెరుగుతాడు అని అందులో ఉంది. ముందు 61 మంది పేర్లు పిలిచారు. 62వ పేరు అతనిది. తీసుకున్నది మాంట్రియల్ జట్టు. 2025లో లీగులో ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి ఆ కుర్రవాడికే వచ్చింది.