ఊరు, పేరు గల కాఫీ

కొండకాఫీని గుఱించి మాటవచ్చినపుడెల్ల మన సభ్యులు మమ్ములను ఒకే ప్రశ్న యడుగుచున్నారు. "ఒకే కొండవాలు, ఒకే విత్తనము, ఒకే సిల్వర్ ఓక్ నీడ. అట్లుండగా ఒకని గింజకు ఎక్కువ ధర, ప్రక్కవాని గింజకు తక్కువ ధర యేల?" దీనికి సమాధానము కొంత పండులో కలదు, కొంత సంఘపు ఖాతాపుస్తకములో కలదు. రెండవదానిని గుఱించి తగినంతగా ఎవరును మాటలాడుటలేదని మా అభిప్రాయము.

స్పెషాలిటీ కాఫీ అను మాటను 1974లో ఎర్నా నట్సన్ అను అమెరికా వర్తకురాలు ఒక వ్యాపారపత్రికలో వాడినది. ప్రత్యేకమైన నేల, ఎత్తు, గాలి కలిసి గింజకిచ్చు రుచి ఆమె ఉద్దేశము. తరువాత దీనికొక లెక్క యేర్పడినది. చిరకాలముగా వాడుకలోనున్న పద్ధతిలో, శిక్షణపొందిన రుచిపరీక్షకులు నూటికి ఇన్ని అని మార్కులు వేయుదురు; 80, ఆపైన వచ్చినది ఈ తరగతిలో చేరును. వేయింపక ముందు 350 గ్రాముల పచ్చిగింజను బల్లపై పరచి యేరుదురు. అందు నల్లబడినది, పులిసినది ఒక్కటియైనను ఉండరాదు; చిన్నలోపములు 5కు మించరాదు.

ఇట్టి గింజ చేతికి వచ్చుట యెట్లు? ఒకే కొమ్మపై పచ్చికాయ, దోరకాయ, పండు కలిసియుండును. కావున ఎఱ్ఱనిపండును మాత్రమే కోయదలచినవాడు ఒక్కొక్క మొక్కవద్దకు మూడు నాలుగు మాఱులు పోవలెను. కూలి గిట్టదని కొమ్మను ఒక్కసారిగా దూసివేయువారు కలరు. వారిని నిందించుట సులభమే గాని, వారి కష్టమును తెలిసికొనుటయు అవసరము. పచ్చికాయవలన పానీయమునకు వగరు వచ్చును. కోసిన పండ్లను నీటిలో పోసి తేలిన తాలును తీసివేయవలెను. తోలు తీయుట ఆనాడే జరుగవలెను. రాత్రియంతయు గోనెలో నిలువయున్న పండు వేడెక్కి పులియును. తోలు తీసిన గింజను జిగురు వదలుటకు తొట్టిలో ఉంచవలెను. ఎన్ని గంటలనునది ఆనాటి చలినిబట్టి యుండును. చేతితో రుద్దినపుడు జారక గరగరలాడినచో కడుగవలసిన వేళ అయినట్లే. పిమ్మట నేలతగులని యెత్తుబల్లలపై పలుచగా పరచి, తేమ నూటికి 10, 11 పాళ్లకు దిగువఱకు ఆఱబెట్టవలెను. ఇంతయు చేసినను సుమారు 6 కిలోల పండ్లకు 1 కిలో పప్పు మాత్రమే వచ్చును. సంతలో పండ్లుగానే అమ్మువారు షావుకారు చెప్పిన ధరను విని మురియకముందు ఈ లెక్కను వేసికొందురుగాక.

రెండేండ్ల క్రిందట మన్యములో ఒక సేకరణస్థలమునొద్ద మేము కొంతసేపు నిలిచియుంటిమి. ఒక గిరిజన స్త్రీ బుట్టెడు పండ్లను తెచ్చినది; వెదకినను పచ్చికాయ కానరాలేదు. ఆమె వెనుక వచ్చినవాని బుట్టలో సగము పచ్చివే. రెండు బుట్టలను తూచి, ఒకే ధర కట్టి, ఒకే తొట్టిలో పోసిరి. ఆమె తొట్టివంక చూచి, "బాబూ, రేపటినుంచి నేనూ దూసే తెస్తాను" అన్నది. తూకపువాడు మాఱుపలుకలేదు. మాకును ఏమియు తోచలేదు.

ఇట్లు కలుపుట క్రొత్తగా వచ్చిన తెగులు కాదు. యుద్ధమువలన ఐరోపా విపణులు మూతపడినపుడు, మన దేశమున 1942 నాటి చట్టముక్రింద కాఫీ బోర్డు పండినదంతయు ఒక్కచోట చేర్చి తానే అమ్మెడి యేర్పాటు స్థిరపడినది. చిన్నరైతు ధరలపతనమునకు బలికాకుండ అది కొంత కాపాడినమాట నిజము. కాని గింజ ఉమ్మడిరాశిలో పడిన వెంటనే తోటపేరు పోయెడిది. 1992 మొదలు ఈ కట్టుబాటు క్రమముగా సడలి, 1996లో పూర్తిగా తొలగినది. ఇథియోపియాలోను ఇట్టిదే జరిగినది. అచట 2008లో నెలకొల్పిన సరకుల విపణి గింజను ప్రాంతమునుబట్టి, తరగతినిబట్టి రాశిపోయగా ఏ రైతుదో తెలియకుండ పోయెను. 2017లో ఆ నియమములను మార్చవలసివచ్చినది. అయితే ఆ నడిమికాలమునను రైతుల సహకార సమాఖ్యలకు తమ కాఫీని తామే ఎగుమతిచేయు వీలు నిలిచియుండెను. ఈ సంగతిని మన సభ్యులు గమనింతురుగాక.

మన అరకుకాఫీకి పేరు వచ్చినది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అచట గింజ కొనుచున్నది. నాంది సంస్థ తోడ్పాటుతో గిరిజనరైతులు పరస్పర సహాయ సహకార సంఘముగా కూడి పండించిన కాఫీకి 2017లో పారిస్ నగరమున అంగడియే వెలసినది. 2019లో అరకులోయ అరాబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే ఈ గుర్తింపు పేరును వాడుకొను హక్కును తెల్పును గాని తొట్టిలో ఏమి పోసిరో చూడజాలదు. హవాయిలోని కోనాకాఫీ కథ వినుడు. కాలిఫోర్నియాలో ఒక వర్తకుడు మధ్య అమెరికా గింజను కోనా సంచులలో నింపి యేండ్లతరబడి అమ్మినట్లు 1996లో బయటపడినది. అంతటితో ఆగలేదు. 2019లో కోనారైతులు, తమ ఊరిపేరుతో వేఱుగింజ అమ్ముచున్నారని అనేక వ్యాపారులపై వ్యాజ్యము వేసి, గింజ పుట్టిన నేలను రసాయనపరీక్షచే చూపబూనిరి. పలువురు ప్రతివాదులు సొమ్ముచెల్లించి రాజీపడిరి.

మనకు ప్రయోగశాల అక్కఱలేదు, చీటీ చాలును. ఎకరమో రెండెకరములో గల రైతుల పంటను ఒక్కొక్కరిది వేఱుగా ఉంచుట సాధ్యము కాదు. ఊరును, కోతదినమును ఒక విడిగా పెట్టుకొనవచ్చును. తూచినపుడు రైతుపేరు, ఊరు, తేదీ, బరువు, పండుతీరు వ్రాసి, ఆ విడి సంఖ్యను తొట్టికి, ఆఱబెట్టు బల్లకు, గోనెకు తగిలించి, పొట్టుతీయు మరవఱకు తప్పక నడపవలెను. ప్రతి విడినుండి కొంతగింజను నమూనాగా దాచవలెను. సొమ్ము రెండుమాఱులు ముట్టవలెను: పండునుబట్టి తూకమునాడు ఒకమాఱు, అమ్మకము తేలినపిమ్మట ఆ విడికి వచ్చిన మార్కులనుబట్టి మఱియొకమాఱు.

ఈ వ్రాతకోతలు ఇకముందు తప్పవు. 2020 డిసెంబరు 31 తరువాత అడవి నఱికిన నేలలో పండిన కాఫీ తమ దేశములకు రాగూడదని ఐరోపా సమాఖ్య 2023లో శాసనము చేసినది. అమలు వాయిదాలు పడినను, పొలము అక్షాంశ రేఖాంశములు చూపవలెనను నియమము అందు కలదు. ఇందులకు కొనుగోలుదారులు తామే మనుష్యులను పంపి పొలముల కొలతలు, రైతుల పేర్లు తమ పుస్తకములలో నెక్కించుకొనుటకు సిద్ధముగా నుందురు. ఉచితమని సంతసింపరాదు. పుస్తకము వారియొద్దనుండినచో, మఱియేటికి వేఱొకనికి అమ్మదలచిన రైతుయొద్ద తన గింజకు ఊరు పేరు చూపు కాగితమే యుండదు. కొనువానికి నకలు ఈయవచ్చును; అసలు సంఘపు బీరువాలోనే యుండవలెను. గుమాస్తా జీతము సంఘమునకు బరువే. ఆ ఖర్చును అమ్మకపుధరలో చేర్చి అడుగుటకు మనము జంకరాదు.

మన్యమున కోతలు నవంబరులో ఆరంభమగును. అంతకుముందే జరుగు సర్వసభ్యసమావేశమున రెండవతొట్టిని గుఱించిన తీర్మానము వచ్చునట్లు కార్యదర్శులు చూతురుగాక. ఆ స్త్రీ బుట్టతో మరల వచ్చునాటికి, దానిని ఏ తొట్టిలో పోయవలెనో తూకపువానికి తెలిసియుండవలెను.