పట్టి విడిచే నూనె

కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పుకి, అంటే సిట్రిక్ ఆమ్లానికి, ఇవాళ నిమ్మకాయతో పెద్దగా చుట్టరికం లేదు. దాని పుట్టిల్లు నల్లబూజు. చక్కెర నీళ్లలో పెరిగే ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే బూజు సిట్రిక్ ఆమ్లాన్ని ధారాళంగా వదులుతుందని 1917లో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ కర్రీ చూపించాడు. రెండేళ్లకే ఫైజర్ కంపెనీ న్యూయార్క్‌లో తయారీ మొదలుపెట్టింది.

చిక్కంతా బూజు పని ముగిసిన తరవాతే. తొట్టిలో ఆమ్లంతోపాటు మిగిలిపోయిన చక్కెర, లవణాలు, రంగు అన్నీ కలగలిసి ఉంటాయి. సారాయిలా కాచి దించుదామంటే సిట్రిక్ ఆమ్లం ఆవిరి కాదు. అందుకని 1784లో స్వీడన్ రసాయనవేత్త షీలే నిమ్మరసం మీద వాడిన ఉపాయాన్నే ఫ్యాక్టరీలూ పట్టుకున్నాయి. సున్నం కలిపితే కాల్షియం సిట్రేట్ తెల్లగా అడుగుకి దిగుతుంది. అయితే సున్నం పట్టిన పట్టు వదలదు. వదిలించాలంటే గంధకామ్లం పోయాలి. కిలో సిట్రిక్ ఆమ్లానికి లెక్క కడితే ముప్పావు కిలో పైగా గంధకామ్లం ఖర్చవుతుంది, 1.3 కిలోల పైచిలుకు జిప్సం మిగులుతుంది. సరుకుని మించిన చెత్త!

సున్నానికి బదులు నూనెలాంటి ద్రావణిని పెట్టే పద్ధతికి ఇజ్రాయెల్ రసాయనవేత్త అవ్రాహామ్ బేనియెల్, ఆయన సహచరులు 1981లో అమెరికా పేటెంటు పొందారు. ఇందులో కీలకం ట్రైడోడెసైల్ అమీన్ వంటి పదార్థం. దాని నడుమ ఒక నైట్రోజన్ పరమాణువు, దానికి పన్నెండేసి కార్బన్ల తోకలు మూడు. నైట్రోజన్ ఆమ్లాన్ని పట్టుకుంటుంది, తోకలు నీళ్లలో కలవనివ్వవు. దీన్ని కిరోసిన్ జాతి హైడ్రోకార్బన్‌లో, కాస్త ఆక్టనాల్ చేర్చి కరిగిస్తారు. ఆక్టనాల్ లేకపోతే ఆమ్లం మోసే అమీన్ ఆ నూనెలో సరిగా ఇమడదు.

వడకట్టిన పులిసిన ద్రవంతో ఈ నూనెని కలియబెడితే ఆమ్లం నూనెలోకి ఎక్కుతుంది, చక్కెరా లవణాలూ నీళ్లలోనే ఉండిపోతాయి. కలపడంలోనూ ఒడుపుండాలి. మరీ చిలికితే మజ్జిగలా ఏకమై పొరలు విడవవు. ఒక్క విడతలో ఆమ్లమంతా రాదు కాబట్టి ద్రవాన్నీ నూనెనీ ఎదురెదురుగా పారిస్తారు. ఆమ్లం దాదాపు అయిపోయిన ద్రవానికి తాజా నూనె ఎదురవుతుంది, చివరి పులుపునూ లాగేస్తుంది.

మరి నూనె నుంచి ఆమ్లాన్ని దించడమెలా? అమీన్ ఆమ్లాన్ని పట్టుకున్నప్పుడు వేడి పుడుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు పట్టు బిగుస్తుంది, వేడిలో సడలుతుంది. మరుగుకి దగ్గరైన నీళ్లతో కలిపితే ఆమ్లం మళ్లీ నీళ్లలోకి దిగిపోతుంది. ఆ నీళ్లను చిక్కబరిచి చల్లారిస్తే పలుకులు కడతాయి. తినే వస్తువు కాబట్టి ద్రావణి జాడ ఎంతకు మించరాదో అమెరికా నిబంధనలు హద్దు పెట్టాయి.

సున్నం ఇంకా రంగం వీడలేదు, చాలా చోట్ల దాని పనే సాగుతోంది. కానీ సున్నం ఒక్కసారి పనిచేసి జిప్సం కుప్పగా మారుతుంది. నూనె మాత్రం బరువు దించి, చల్లబడి, మళ్లీ తొట్టి దారి పడుతుంది.