కోపానికి ఐదు మార్కులు

ఫేస్‌బుక్‌లో ఒళ్లు మండించే పోస్టు కనబడితే చాలామంది ఎర్రటి కోపపు మొహం నొక్కి ముందుకెళ్లిపోతారు. ఇది తమకు నచ్చలేదని గట్టిగా చెప్పామనుకుంటారు. 2017లో కంపెనీ కంప్యూటర్లు ఆ ఒక్క నొక్కుకు ఐదు మార్కులు వేశాయి. లైకుకు ఒక్కటే. మార్కులు పెరిగినకొద్దీ పోస్టు మరింతమందికి చేరేది. ఛీకొట్టినవాళ్లే దాన్ని నలుగురికీ చూపించినట్టయింది.

2016లో వచ్చిన ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, బాధ బొమ్మలకూ అదే విలువ ఇచ్చారు. మనిషి బొమ్మ ఎంచుకున్నాడంటే ఆ పోస్టు అతన్ని బాగానే కదిలించిందని కంపెనీ లెక్క. మంచికి కదిలించిందా, చెడుకా అన్నది ఆ లెక్కలో లేదు. కోపపు మొహాలు ఎక్కువగా పడే పోస్టుల్లో తప్పుడు సమాచారం, విషపు రాతలు ఎక్కువని 2019లో కంపెనీ సొంత నిపుణులే తేల్చారు. మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన పత్రాల వల్ల 2021లో ఈ సంగతి లోకానికి తెలిసింది.

ఎవరికి ఏ పోస్టు చూపాలో ఇలా తేల్చే లెక్కనే అల్గారిదం అంటారు. అదేదో బుర్రకెక్కని మంత్రం అనుకోనక్కర్లేదు. ఫోన్ తెరవగానే ముందు వడపోత జరుగుతుంది. మిగిలిన ఒక్కో పోస్టుకు ఈ మనిషి లైకు కొడతాడా, జవాబు రాస్తాడా, పూర్తిగా చూస్తాడా అని పాత అలవాట్లను బట్టి అంచనా వేస్తారు. ఒక్కో అంచనాకు ఒక్కో విలువ కట్టి కూడతారు. ఎక్కువ మొత్తం వచ్చినవి పైకి వస్తాయి.

ఆ విలువలెలా ఉంటాయో 2023లో ట్విట్టర్ తన కోడ్‌లో కొంత భాగాన్ని అందరి ముందూ పెట్టినప్పుడు తెలిసింది. రోజుకు సుమారు 50 కోట్ల ట్వీట్లలోంచి ఒక మనిషి కోసం అప్పట్లో 1,500 దాకా ఏరేవారు. వాటిలో దాదాపు సగం అతను ఫాలో కానివారివే ఉండేవి. అప్పటి లెక్కలో లైకుకు అర మార్కు, రీట్వీటుకు ఒకటి, జవాబుకు పదమూడున్నర. ఆ జవాబుకు ట్వీటు వేసినవారు స్పందిస్తే 75. రిపోర్టు కొడతారనిపిస్తే మైనస్ 369.

ఈ అంకెలను మన హీరోల అభిమానుల గొడవలకు వేసి చూడండి. స్థూలంగా చెప్పాలంటే, మిర్చి రైతు కష్టం మీద ఒకరు శ్రద్ధగా రాసిన మాటకు వంద లైకులొస్తే 50 మార్కులు. ఒక హీరోను తిట్టిన ట్వీటు కింద పదిమంది జవాబిస్తే 135. తిట్టినవాడు తిరిగి ఒక్కొక్కరితో వాదనకు దిగితే ఇక చెప్పక్కర్లేదు. తమ హీరో పరువు కాపాడదామని వెళ్లినవాళ్లే ఆ తిట్టును ఊరూరా తిప్పుతున్నారు.

యూట్యూబ్‌ది వేరే దారి. క్లిక్కుల లెక్క చూసినన్నాళ్లూ పైన కనిపించే బొమ్మ ఒకటి, లోపల సరుకు మరొకటిగా ఉండే వీడియోలు లాభపడ్డాయి. అందుకే 2012లో ఎంతసేపు చూశారన్న దానికి ప్రాధాన్యం ఇచ్చారు. జనం అక్కడ గడిపే సమయంలో 70 శాతానికి పైగా సిఫారసుల వల్లేనని 2018లో కంపెనీయే చెప్పింది.

ఈ విలువలు మనుషులు నిర్ణయించినవి, మనుషులే మార్చగలరు. 2020 సెప్టెంబరులో ఫేస్‌బుక్ కోపపు మొహం విలువను సున్నా చేసింది. తప్పుడు సమాచారం, కలవరపెట్టే దృశ్యాలు తగ్గాయి. జనం వాడకం మాత్రం తగ్గలేదు. అంటే ఆ మూడేళ్ల విషం కంపెనీ వ్యాపారానికి కూడా అవసరం లేనిదే. దాన్ని ఇంత ఆలస్యంగా ఆపడం క్షమించరానిది.

వాళ్లు మళ్లీ ఎప్పుడు ఏ అంకె మారుస్తారో మన చేతిలో లేదు. మన వేలు మన చేతిలోనే ఉంది. విషపు పోస్టు కింద తిట్టడానికైనా కామెంటు పెట్టకండి. మూడు చుక్కలు నొక్కి ‘ఆసక్తి లేదు’ అని చెప్పండి, హద్దు మీరితే రిపోర్టు కొట్టండి. మంచి రాత కనబడితే లైకుతో సరిపెట్టకుండా కింద రెండు మాటలు రాయండి.