కంప్యూటరులో పుస్తకాల బీరువా

విశాఖపట్టణంలో వన్ టౌనుకు కొత్తగా వచ్చిన మనిషి ఒక ఇల్లు వెతుక్కోవలసి వచ్చి ముగ్గురిని దారి అడిగాడనుకొందాం. ఒకరు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గరనుంచి లెక్క మొదలుపెడతారు. మరొకరు కురుపాం మార్కెట్టునుంచి చెబుతారు. మూడవవారు పాత పోస్టాఫీసును గుర్తు పెట్టుకోమంటారు. ఉత్తరాలు పంచే తపాలా ఉద్యోగికి ఈ గుర్తులతో పని లేదు. అతనికి వీధి పేరు, ఇంటి నంబరు చాలు. ఇల్లు మాత్రం ఒక్కటే. అది నేలమీద ఎక్కడికీ కదలలేదు. మారుతున్నదల్లా దానిని చేరుకొనే వరుస.

పుస్తకాల సంగతి కూడ ఇంతే. సముద్రపు తేమగాలి తగిలే ఈ పాతబస్తీ ఇళ్ళలో తాతల నాటి పుస్తకాలు బీరువాల్లో మెత్తబడి, చెదలు పట్టి పోతూ ఉంటాయి. వాటిని కాపాడుకోవాలని కొందరు పుటలను ఫోటోలు తీయించి కంప్యూటరులో దాచుకొంటున్నారు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే పథకం కింద వేలకొద్ది తెలుగు గ్రంథాలు ఇట్లాగే బింబాలుగా మారి, చదువరులకు ఉచితంగా అందినవి. కాగితం నశించినా గ్రంథం మిగిలింది. కాని వేయి పుస్తకాలు పోగయిన తరువాత కొత్త కష్టం ఒకటి వస్తుంది: ఉన్న పుస్తకమే కనబడదు. తప్పు చోట పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానమని గ్రంథాలయ నిర్వాహకులకు అనుభవమే. ఆ కష్టం ఎందుకు వస్తుందో, దానిని ఎట్లా తప్పించుకోవచ్చునో తెలుసుకొందాం.

అర వేరు, జాబితా వేరు

విశాఖపట్టణానికి గ్రంథాలయం కొత్త మాట కాదు. 1886లోనే మంతెన ఆదినారాయణమూర్తిగారనే ఉపాధ్యాయుడు ఇక్కడ సరస్వతీ నిలయాన్ని స్థాపించారు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషితో ఆ ఉద్యమం పల్లెపల్లెకు పాకింది. అటు అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో దశాంశ వర్గీకరణాన్ని ప్రకటించగా, మన దేశంలో రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు ఏర్పరచి, 1933లో ద్విబిందు వర్గీకరణాన్ని వెలువరించారు. చదువరి కాలాన్ని ఆదా చేయాలన్నది ఆ సూత్రాలలో నాల్గవది. మన విషయమంతా ఆ ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతుంది.

పాత గ్రంథాలయంలో పుస్తకం ఒకే అరలో ఉండేది. కాని సొరుగుల్లో దాని కార్డులు కనీసం మూడు ఉండేవి: రచయిత పేరున ఒకటి, గ్రంథం పేరున ఒకటి, విషయం పేరున ఒకటి. ఏది గుర్తుంటే ఆ సొరుగు లాగేవారు. కంప్యూటరులో ఈ కార్డులకు అంతు లేదు. క్షణంలో సొరుగంతా కలిపి మరొక వరుసలో పేర్చవచ్చును.

ఇందుకు పనికివచ్చే ఉపకరణాలలో 'కాలిబర్' ఒకటి. కోవిద్ గోయల్ 2006లో దీని రచన ప్రారంభించారు; 2008లో దీనికి ఈ పేరు వచ్చింది. ఇది ఉచితంగా దొరుకుతుంది, దీని నిర్మాణ రహస్యం కూడ అందరికీ తెరచి ఉంటుంది. ఇది పుస్తకాలను రచయిత పేరుతో ఒక ఫోల్డరు, అందులో గ్రంథం పేరుతో మరొక ఫోల్డరు చొప్పున దాచుకొంటుంది. ఆ ఫోల్డర్ల పేర్లు తెలుగు అక్షరాల్లో కాక రోమను లిపిలో కనబడతాయి. చూచి కంగారు పడనక్కరలేదు. అది కేవలం అర. పేరు, రచయిత, విషయం, భాష మొదలయిన వివరాలన్నీ వేరే ఒక పట్టికలో ఉంటాయి. అది కార్డుల సొరుగు. అరను చేతితో కదపకూడదు. సొరుగును మాత్రం మన ఇష్టం వచ్చినట్లు అమర్చుకోవచ్చును.

ఇంటిపేరుతో వచ్చే చిక్కు

ఒక పరీక్ష చేద్దాం. అయిదుగురు రచయితల పుస్తకాలు చేర్చుదాం: గురజాడ అప్పారావు, శ్రీశ్రీ, రాచకొండ విశ్వనాథశాస్త్రి, ఆరుద్ర, జార్జ్ గామోవ్. రచయితల వరుసలో చూపమంటే యంత్రం చూపే క్రమం ఇది: అప్పారావు, ఆరుద్ర, గామోవ్, విశ్వనాథశాస్త్రి, శ్రీశ్రీ. గురజాడవారు గకారంలో లేరు. రాచకొండవారు రకారంలో లేరు!

ఇందులో యంత్రం చేసిన తప్పు లేదు. దానికి నేర్పిన ఆచారం పాశ్చాత్యులది. వారిలో ఇంటిపేరు చివర వస్తుంది కాబట్టి, చివరి మాటను ముందుకు తెచ్చి వరుస కట్టమని దానికి చెప్పి ఉంచారు. గామోవ్ విషయంలో ఇది సరిపోయింది. తెలుగువారికి ఇంటిపేరు మొదటనే ఉంటుంది. అక్కడ ఈ నియమం బోల్తా కొట్టింది. పేర్లు ఇంగ్లీషులో రాస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. 'అప్పా', 'రావు' విడివిడిగా రాసినచోట 'రావు' అన్నదే ఇంటిపేరయి కూర్చుంటుంది. అప్పుడు రావులందరూ ఒకచోట, శాస్త్రులందరూ మరొకచోట, రెడ్లు, నాయుళ్ళు వేరువేరు చోట్ల గుంపులు కడతారు.

మందు కాలిబర్‌లోనే ఉన్నది. ప్రతి రచయితకూ రెండు పేర్లు ఉంచుతారు: కనబడే పేరు ఒకటి, వరుసకు వాడే పేరు ఒకటి. రెండవదానిని 'ఆథర్ సార్ట్' అంటారు. 'ప్రిఫరెన్సెస్'లో 'ట్వీక్స్' అనే చోట ఈ రెండవ పేరును తయారు చేసే నియమాన్ని మార్చవచ్చును. మొదట అక్కడ 'కామా' అని ఉంటుంది, అనగా పేరులో కామా లేకపోతే తిరగవేయుట. దానిని 'కాపీ' అని మార్చితే పేరు ఉన్నది ఉన్నట్లే వరుసకు వస్తుంది. ఈ మాటలను అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. తరువాత కాలిబర్‌ను మూసి మరల తెరవాలి. అంతకుముందు చేర్చిన రచయితల వరుసపేర్లు తమంత తాము మారవు. రచయితల నిర్వహణ పట్టికలో వాటిని మరల లెక్కించమని ఆజ్ఞ ఇచ్చి, పుస్తకాలకు కూడ వర్తింపజేయాలి.

ఇప్పుడు క్రమం ఇట్లా అవుతుంది: ఆరుద్ర, గురజాడ అప్పారావు, జార్జ్ గామోవ్, రాచకొండ విశ్వనాథశాస్త్రి, శ్రీశ్రీ. మనవారు ఇళ్ళకు చేరారు గాని గామోవ్ జకారంలో పడ్డాడు. తెలుగు పుస్తకాలు ఎక్కువగా ఉన్నవారు 'కాపీ' నియమం పెట్టుకొని, విదేశీ రచయితల వరుసపేర్లను మాత్రం ఆ పట్టికలో చేతితో దిద్దుకొంటే సరి. 'గామోవ్, జార్జ్' అని దిద్దగానే అతడు ఆరుద్రకూ గురజాడకూ నడుమ తన చోటికి వస్తాడు. విదేశీ గ్రంథాలే ఎక్కువయినవారు దీనికి తలక్రిందుగా చేసుకోవాలి. తిరగవేసే నియమాన్నే ఉంచుకొనేవారికి మరొక సదుపాయం కలదు. పేరులో ఫలానా మాట ఉంటే తిరగవేయవద్దని ఒక జాబితా ఇవ్వవచ్చును. అందులో 'అకాడమి' అన్న మాట చేర్చితే, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి 'అకాడమి, తెలుగు' కాకుండా ఉంటుంది.

కలంపేర్ల సంగతి మరొకటి. విశాఖలో న్యాయవాదిగా ఉండిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు రావిశాస్త్రిగా ప్రసిద్ధులు. ఒక పుస్తకం మీద ఒక పేరు, మరొకదాని మీద మరొక పేరు ఉంటే యంత్రం ఇద్దరు మనుష్యులనే అనుకొంటుంది. నిర్వహణ పట్టికలో ఒక పేరును రెండవదానితో సమానంగా దిద్దితే ఇద్దరూ ఒక్కరవుతారు. ఏ పేరు ఉంచాలన్నది యంత్రం చెప్పదు. ఇంటిలో చదివేవారు ఏ పేరు తలచుకొని వెతుకుతారో దానిని ఉంచాలి.

యంత్రానికి తెలిసిన అక్షరక్రమం

యంత్రానికి 'అ ఆ ఇ ఈ' రావు. అంకెలు మాత్రమే వచ్చు. అందుచేత ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చారు. ఆ ఏర్పాటే యూనికోడ్. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. మన లిపికి 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. అందులో సున్నకు 3074, అకారానికి 3077, కకారానికి 3093. బడిలో మనం 'అం'ను అచ్చుల చివర చదువుతాం. ఇక్కడ సున్న అకారానికి ముందే కూర్చున్నది. ళకారం వర్ణమాలలో హకారం తరువాతది. ఇక్కడ దాని సంఖ్య 3123, వకారానిది 3125. సంఖ్యలను బట్టి చూస్తే 'కళ' ముందు వచ్చి, 'కవి' వెనుక వస్తుంది.

గుణింతపు గుర్తులకు హల్లులకంటె పెద్ద సంఖ్యలు ఇచ్చారు. అందువల్ల 'కనకం' తరువాతనే 'కాకి' వస్తుంది. ఇది మనకు అనుకూలమే. ఒత్తును కలిపే పొల్లు గుర్తు సంఖ్య 3149. అది గుణింతపు గుర్తులన్నిటికంటె పెద్దది. 'క్ష' అన్నది యంత్రానికి ఒక అక్షరం కాదు, క, పొల్లు, ష అనే మూడు గుర్తుల కూర్పు. కాబట్టి 'క్షమ' అన్న పేరు 'కౌముది' తరువాత, ఖకారానికి ముందు దొరుకుతుంది. వర్ణమాల చివర వెతికితే దొరకదు.

మంచి ఉపకరణాలు కేవలం సంఖ్యలతో సరిపెట్టుకోవు. ఒక్కొక్క భాషకు ఒక్కొక్క వరుస నియమాన్ని వాడుతాయి. కాలిబర్ సాధారణంగా తన తెరపై కనబడే భాష నియమాన్ని పాటిస్తుంది. తెరను ఇంగ్లీషులోనే ఉంచుకొని, వరుసకు మాత్రం తెలుగు నియమం వాడమని చెప్పే ఏర్పాటు కూడ 'ట్వీక్స్'లో ఉన్నది.

పుస్తకాల పేర్లలో 'శ్రీ' ఒక చిన్న సమస్య. ఇంగ్లీషు పేర్ల మొదట ఉండే 'ది', 'ఎ', 'ఏన్' అనే మాటలను యంత్రం వరుసలో లెక్కకు తీసుకోదు. మన పురాణ గ్రంథాల ముందు 'శ్రీ' తప్పక ఉంటుంది. దానితో సగం బీరువా శకారంలో చేరుతుంది. వదలవలసిన మాటల పట్టికలో తెలుగు భాష కింద 'శ్రీ', దాని వెంట ఖాళీ అని చేర్చితే, 'శ్రీ మహాభాగవతము' మకారానికి వస్తుంది. ఖాళీ కూడ చెప్పాము గనుక 'శ్రీకృష్ణ' వంటి కలిసిన మాటలు చెదరవు. ఈ నియమం పనిచేయాలంటే ఆ పుస్తకపు భాష తెలుగు అని ముందుగా నమోదు చేసి ఉండాలి.

రోమను లిపి పేర్లతో దిగుమతి అయిన పుస్తకాలకు ఏ నియమమూ చాలదు. 'శ' కు ఒకరు ఒక్క ఎస్ రాస్తే మరొకరు దాని పక్కన హెచ్ చేరుస్తారు. ఒకరు 'ము' తో ముగిస్తే మరొకరు సున్నతో ముగిస్తారు. ఒకే 'కన్యాశుల్కం' నాలుగు చోట్ల నాలుగు పేర్లతో నిలుస్తుంది. అక్కడ ఓపికగా కూర్చుని తెలుగులో తిరిగి రాయడమే మార్గం. అది ఒక్కసారి పడే శ్రమ. ఆదా అయ్యే కాలం ఎన్నో తరాలది.

అక్షరక్రమం పనికిరాని చోటు

మహాభారతపు పదునెనిమిది పర్వాలూ వేరువేరు పుస్తకాలుగా ఉన్నవనుకొందాం. అక్షరక్రమంలో మూడవదయిన అరణ్యపర్వం మొదటిదయిన ఆదిపర్వానికి ముందు వస్తుంది. రెండవదయిన సభాపర్వం నాల్గవదయిన విరాటపర్వానికి వెనుకబడుతుంది. జూదం కాకముందే పాండవులు అడవికి పోయినట్లు! ఇటువంటి వాటికి 'సిరీస్' అనే గడి ఉన్నది. అందులో 'మహాభారతం' అని రాసి, పక్కన 1 నుంచి 18 వరకు సంఖ్యలు ఇస్తే కథాక్రమం నిలుస్తుంది. సంఖ్యలుగా ఇచ్చినందువల్ల 1 తరువాత 10, ఆ తరువాత 2 అనే అవకతవక కూడ రాదు.

రెండు వరుసలు కలిపి కావాలంటే ఒక కిటుకు కలదు. ముందు ప్రచురణ సంవత్సరం శీర్షికను, తరువాత రచయిత శీర్షికను నొక్కాలి. రచయితల వరుస ఏర్పడుతుంది. ఒక్కొక్క రచయిత కింద వెనుకటి సంవత్సరాల వరుస చెదరకుండా నిలుస్తుంది. పేక ముక్కలను ముందు అంకెల ప్రకారం పేర్చి, పిదప రంగుల ప్రకారం నాలుగు దొంతరలుగా పంచితే ప్రతి దొంతరలోను అంకెల క్రమం మిగిలినట్లే.

కనబడే తీరు

వరుస కుదిరిన తరువాత తెరపై ఏమేమి కనబడాలో నిర్ణయించుకోవచ్చును. అక్కరలేని గడులను దాచి, కావలసిన కొత్త గడులను మనమే సృష్టించుకోవచ్చును. వన్ టౌనులోని ఒక ఉమ్మడి కుటుంబానికి ఉపయోగించే గడులు ఇవి: 'కాగితపు ప్రతి ఎవరి ఇంట ఉన్నది' అని ఒక మాటల గడి, 'పుటలు సరిచూచినదా' అని అవును–కాదు గడి, 'చదివిన తేదీ' అని ఒక తేదీ గడి. సరిచూడని పుస్తకాల పేర్లు ఎర్రగా కనబడాలని రంగుల నియమం పెడితే, మిగిలిన పని ఎంతో చూడగానే తెలుస్తుంది. విషయాల పేర్లను 'సాహిత్యం', దాని కింద 'కథ', 'నాటకం' అని చెట్టు కొమ్మల వలె అమర్చవచ్చును.

మొత్తం బీరువాలో ఒక భాగాన్ని మాత్రమే చూపే 'వర్చువల్ లైబ్రరీ' అనే ఏర్పాటు కూడ ఉన్నది. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ, ఆరుద్ర మొదలయిన వారి పుస్తకాలకు 'విశాఖ రచయితలు' అని గుర్తు వేసి ఉంచితే, ఆ పేరు నొక్కగానే అవి మాత్రమే మిగులుతాయి. పిల్లల పుస్తకాలకు అట్లాగే మరొకటి. ఏ పుస్తకమూ తన అరనుంచి కదలదు.

ఈ మార్పులు చేయబోయే ముందు పుస్తకాల ఫోల్డరునంతటినీ మరొకచోట నకలు తీసి ఉంచుకొనడం వివేకం. నియమాలను ఒక్కసారిగా కాక ఒకటొకటిగా మార్చి ఫలితం చూడాలి. మార్చిన నియమాలను ఒక కాగితం మీద రాసి ఉంచితే తరువాత ఆ కంప్యూటరు ముందు కూర్చునే వారికి దారి తెలుస్తుంది. గ్రంథాలయం పెరిగే ప్రాణి వంటిదని కూడ రంగనాథన్ సూత్రీకరించారు. ఇవాళ రెండు వందల పుస్తకాలకు సరిపోయిన వరుస రేపు రెండు వేలకు చాలకపోవచ్చును. అప్పుడు మరల మార్చుకోవచ్చును. మనుమరాలు గురజాడవారి పుస్తకం కోసం గకారంలో వెతికితే అది అక్కడ దొరకాలి. నియమాలన్నీ అందుకోసమే.