చేపగుడ్డును బట్టి చేపను పోల్చుట

రాజోలులోగాని అమలాపురములోగాని గంపలోని చేపను చూచి దాని పేరు చెప్పుట కోనసీమ ఇల్లాలికి కష్టము కాదు. కవళ్లు, నెత్తళ్లు, కనగుర్తలు ఆమెకు చిరపరిచితములు. కాని ఆ చేపల గుడ్డు నొకదానిని అరచేత నుంచి, ఇది దేనిదని అడిగినచో ఆమెయే కాదు, శాస్త్రజ్ఞుడును తడుముకొనవలసినదే. ఆ చిక్కును తీర్చు మార్గములను గూర్చి ఇచ్చట వివరించుచున్నాము.

మనము జన యని వండుకొనునది ఇంకను తల్లి కడుపులోనున్న గుడ్ల ముద్ద. మేము చెప్పునది సముద్రములో విడువబడి తేలుచుండు గుడ్డు. కాడ్ చేపగుడ్లు నీటిపై తేలునని 1864-65 ప్రాంతమున నార్వే శాస్త్రజ్ఞుడు సార్స్ కనుగొనెను. ఇట్టి గుడ్డు సాధారణముగా ఒక మిల్లీమీటరు ప్రమాణము గలిగి, గాజువలె పారదర్శకముగా నుండును. సన్నని వలతో వడకట్టి, సూక్ష్మదర్శిని క్రింద నుంచిననే గాని దాని రూపు తెలియదు.

మొదట ఆకారమును చూతురు. నెత్తళ్ల గుడ్లు కోలగా నుండును. కవళ్ల గుడ్లు గుండ్రన. పై పొరకును లోని సొనకును నడుమ ఎడము విశాలము. సొన ముక్కలు ముక్కలుగా కనబడును. అందొక నూనెబొట్టు ఉండును. పక్షివలె ఎగురు చేపల గుడ్లకు దారములు వ్రేలాడును. ఈ గురుతులతో కుటుంబమును తెలియవచ్చును.

చిక్కు దాయాదులతోనే. మన తీరమున కవళ్లలో పలు జాతులు కలవు. ఒక జాతి గుడ్లలో పెద్దది, వేరొక జాతి గుడ్లలో చిన్నదానిని మించవచ్చును. కనుక కొలత ఒక్కటే చాలదు. గుడ్డును సముద్రజలములోనే పొదగనిచ్చి, పిల్ల దేహమందలి కండర ఖండములను, నల్లచుక్కలను లెక్కించుట పాత పద్ధతి. వెచ్చని సముద్రములలో అనేక జాతులు సుమారు ఒక దినములో పొదుగును. కాని పిల్లలు గురుతులు తేలకముందే చనిపోవుట కలదు.

2003లో కెనడా శాస్త్రజ్ఞుడు పాల్ హెబర్ట్ మరియొక మార్గము సూచించెను. జీవకణములోని ఒక జన్యువునుండి సుమారు 650 అక్షరముల భాగమును చదివి, పేరు తెలిసిన పెద్ద చేపలోని భాగముతో సరిపోల్చుటయే అది. గుడ్లను ఫార్మలిన్‌లో నిలువ చేసినచో ఈ చదువు కష్టమగును, ఆల్కహాలులో నుంచవలెను. సరిపోల్చు పెద్ద చేపకే పేరు తప్పుగా పెట్టియున్నచో ఫలితమును తప్పే యగును.

ఇంత శ్రమ యెందుకు? గుడ్లు ఎప్పుడు, ఎచ్చట దొరకునో దానిని బట్టియే చేప ఈనుకాలము, ఈనుచోటు తెలియును. గుడ్ల లెక్కనుండి తల్లిచేపల రాశిని అంచనా కట్టుదురు. ఒక కవళ గుడ్లను వేరొక దాని ఖాతాలో వేసినచో, తరిగిపోవు చేప సమృద్ధిగా నున్నట్లు కనబడును.

మన తూర్పుతీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. అది ఏ చేపకు ఎంత రక్షణ? పులస సంగతి చూడుడు. గోదావరికి ఎర్రనీరు వచ్చిన పిదప, జూలై మొదలుగా, అది గుడ్లు పెట్టుటకై సముద్రము విడిచి ఏటికి ఎదురీదును. అప్పటికి నిషేధము ముగిసియుండును. పైకి పోవుదమన్నను, 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట నాటినుండి దారికి అడ్డు ఏర్పడినది.

అంతర్వేది, ఓడలరేవు తీరముల జాలరులు ఆ రెండు నెలలు వల మడిచి కూర్చుందురు, కూలి పోగొట్టుకొందురు. వారి త్యాగము సరియైన మాసములలో, సరియైన చేపకు ఉపకరించుచున్నదా యని తేల్చుటకు, ఆవగింజంత గుడ్డుకు సరియైన పేరు పెట్టుటయే మొదటి మెట్టు.