అంకుల్, కాస్త మెల్లగా!

సింగపూర్‌లో రోడ్ల మీద గుంత కనపడదు. అయినా చాంగీ ఎయిర్‌పోర్టు నుంచి జురాంగ్ దాకా టాక్సీలో వచ్చేసరికి కడుపులో తిప్పేస్తుంది. కారణం డ్రైవర్ కుడికాలు. యాక్సిలరేటర్ నొక్కడం, వదలడం, మళ్లీ నొక్కడం... అచ్చం కుట్టుమిషన్ తొక్కినట్టే. ముందు రోడ్డంతా ఖాళీగా ఉన్నా అంతే!

అలా నడిపితే పెట్రోలు ఆదా అని ఒకాయన నాతో వాదించాడు. నిజానికి ఒకే వేగంతో వెళ్తేనే ఆదా. ఎలక్ట్రిక్ టాక్సీల్లో ఈ కుదుపు ఇంకాస్త ఎక్కువ. పెడల్ మీద కాలు తీస్తే చాలు, మోటారు జనరేటర్‌గా మారి బండిని వెనక్కి పట్టేస్తుంది. సుమారు ఐదు సెకన్లకోసారి వచ్చే ఊపే మనిషికి ఎక్కువ వికారం తెప్పిస్తుంది. ఫోన్ చూస్తూ కూర్చుంటే మరీనూ. కదలడం లేదని కళ్లు, కదులుతున్నామని లోపలి చెవి మెదడుకు చెబుతుంటాయి.

నేనైతే ఓర్చుకుంటా. ఊరి నుంచి వచ్చిన అమ్మకు డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. బస్సెక్కి కార్డు ట్యాప్ చేసి సీటు చేరేలోపే బస్సు ముందుకు దూకింది. కడ్డీ దొరకబట్టి పడకుండా నిలిచింది గానీ, భుజం వారం రోజులు నొప్పి. ఆ తర్వాత సెరంగూన్ రోడ్డులోని పెరుమాళ్ గుడికి కూడా ‘మీరు వెళ్లిరండి నాయనా’ అనేది.

ఇప్పుడు టాక్సీ ఎక్కగానే చెప్పేస్తున్నా. ఇక్కడ పెద్ద వయసు డ్రైవర్లను అందరూ అంకుల్ అనే పిలుస్తారు. ‘అంకుల్, అమ్మకు కళ్లు తిరుగుతాయి, మెల్లగా’ అంటే చాలామంది వింటారు. బస్సులో అమ్మ కూర్చునేదాకా ఆగమని డ్రైవర్‌కు చేయి చూపిస్తా. మొన్న శనివారం అమ్మ గుడికి వచ్చింది. టాక్సీ దిగుతూ అంకుల్‌కు దండం పెట్టింది.