డబ్బా మీద 1200, చేతికి వచ్చేది ఎంత?

ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ నుంచి ఇంకో ల్యాప్‌టాప్‌కు వైఫై ద్వారా సినిమా పంపాలి. ఫైలు 1 గిగాబైటు. బైటుకు 8 బిట్లు కనుక మొత్తం 8000 మెగాబిట్లు. రూటరు డబ్బా మీద 1200 అని ఉంది. అంటే సెకనుకు 1200 మెగాబిట్లు. ఏడు సెకన్లలో పని అయిపోవాలి. తీరా చూస్తే అర నిమిషం పట్టింది! దుకాణదారు మనల్ని మోసం చేశాడా?

ముందు ఆ అంకెను విప్పి చూద్దాం. ఇలాంటి రూటరు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 300, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 867 మెగాబిట్ల వేగం ఇవ్వగలదు. రెండూ కలిపి, కాస్త పెంచి 1200 అని అచ్చువేస్తారు. మామూలు ల్యాప్‌టాప్ ఒకసారికి ఒక బ్యాండునే వాడుతుంది. అక్కడికే 867కు దిగాం.

అదీ పూర్తిగా రాదు. ఎందుకంటే గాలి అందరిదీ. తరగతిలో అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినబడదు కదా! 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం కంప్యూటర్లను రేడియోతో కలిపినప్పుడు ఈ చిక్కే వచ్చింది. ఎవరికి తోచినప్పుడు వారు పంపితే, ఢీకొన్నవి పోగా మిగిలేది మహా అయితే 18 శాతమేనని లెక్కలో తేలింది. అందుకే వైఫై ముందు వింటుంది, కొంచెం ఆగుతుంది, ఆ తర్వాతే పంపుతుంది. అవతలి నుంచి "అందింది" అని రశీదు రాకపోతే మళ్లీ పంపుతుంది. ఈ మర్యాదలన్నిటికీ కాలం ఖర్చవుతుంది. ఒకే గదిలో ఉన్నా 500 దక్కితే మంచిదే.

అసలు దెబ్బ ఇక్కడుంది. ఫైలు ల్యాప్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌కు తిన్నగా పోదు. మొదట రూటరుకు, అక్కడి నుంచి రెండోదానికి పోతుంది. ఒకే గాలిలో రెండు ప్రయాణాలు! 500 కాస్తా 250 అయింది. 8000ను 250తో భాగించండి: 32 సెకన్లు. గడియారం చెప్పిందీ అదే.

మధ్యలో గోడ ఉంటే, చెవులు సరిగా వినపడని తాతగారితో మాట్లాడినట్లు రూటరు ఇంకా నిదానిస్తుంది.

ఒక ల్యాప్‌టాప్‌ను తీగతో రూటరుకు కలిపి చూడండి. గాలిలో ఒక ప్రయాణం తప్పుతుంది, సమయం దాదాపు సగమవుతుంది. అయితే రూటరు వెనుక ఉన్న పోర్టు ఎంతటిదో ముందు చూసుకోండి. చవక రకాల్లో చాలావాటికి అది 100 మెగాబిట్లదే. అలాంటిదైతే అదే సినిమాకు 80 సెకన్లు దాటుతుంది!